ఆటలో పొట్టకి దెబ్బ తగిలితే అది సీరియస్ అని ఎలా గుర్తుపట్టాలి?
రగ్బీ, బాక్సింగ్ లాంటి ఆటల్లో పొట్టకి గట్టిగా తగిలితే కాసేపు ఊపిరాడకపోవడం మామూలే, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది, కానీ నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరుగుతుంటే మాత్రం లోపల గాయమైందేమోనని అనుమానించాలి. ఎక్కువగా దెబ్బతినేది ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ (ప్లీహం) అనే అవయవం, అది చిట్లితే భుజానికి దెబ్బే తగలకపోయినా ఎడమ భుజం నొప్పి రావచ్చు, చాలామంది దీన్ని పట్టించుకోరు. పొట్ట గట్టిపడటం, వాంతులు, మూత్రంలో రక్తం, కళ్ళు తిరగడం, ఇవేవి కనిపించినా ఆట ఆపేసి, ఏమీ తినిపించకుండా తాగించకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. బీపీ నార్మల్‌గా ఉందని ధైర్యపడొద్దు ప్లీజ్, వయసులో ఉన్న ఆటగాళ్ళకి చాలా రక్తం పోయేదాకా బీపీ పడకపోవచ్చు. మొదటి అల్ట్రాసౌండ్ క్లియర్‌గా వచ్చినా గాయం లేదని కాదు, అందుకే డాక్టర్లు కాసేపటికోసారి మళ్ళీ పొట్ట నొక్కి చూస్తారు, డౌట్ ఉంటే సీటీ స్కాన్ తీయిస్తారు.