వెనెజులాలోని కబీమాస్ ఊరి సంగతులు ఎవరికైనా తెలుసా?

గూగుల్ చూసి జవాబు రాసేవాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు, ఎందుకంటే నేను అక్కడ ఒక సాయంత్రం తిరిగాను. నవ్వకండి. చమురు మోసే ట్యాంకర్ ఓడల మీద పనిచేసేవాడికి ఒక సాయంత్రం దొరకడమే గొప్ప. చాలా రేవుల్లో నేలమీద కాలు కూడా పెట్టనివ్వరు, ఆ ఏడుపు వేరే.

కబీమాస్ మరకైబో సరస్సు తూర్పు ఒడ్డున ఉంది. కబీమో అనే చెట్టు మీదుగా ఆ పేరట. నాకు చెట్లకంటే తలలూపుతూ ముడిచమురు తోడే పంపులే ఎక్కువ కనిపించాయి, మన పెరట్లో ములగచెట్టు ఉండేచోట వాళ్ళకి పంపు!

మా ఓడ ఆ ఊళ్ళోని చమురు రేవు, లా సలీనా టెర్మినల్లో ఉంది. డిసెంబరు ఆఖరు. టాక్సీ ఒక సందులో ఆగిపోయింది. ఎదురుగా డప్పులు, జనం, భుజాలమీద నల్లని దేవుడు, శాన్ బెనీతో అనే క్రైస్తవ సాధువు. విగ్రహాన్ని ఊపుతూ మోస్తుంటే మా కోనసీమ ప్రభల తీర్థమే గుర్తొచ్చింది. ఒకాయన సీసా ఎత్తి దేవుడిమీద రమ్ము చిమ్మాడు. సగం నా తెల్లచొక్కా మీద పడింది. ఓడెక్కాక తాగలేదు మొర్రో అన్నా చీఫ్ ఇంజనీరు నమ్మితేగా!

టాక్సీ పెద్దాయన సగం సైగలతో చెప్పిన కథ ఇదీ. 1922 డిసెంబరు 14న షెల్ వాళ్ళ కంపెనీ తవ్వుతున్న బరోసో-2 బావి బద్దలైంది. రోజుకి దాదాపు లక్ష పీపాల చొప్పున 9 రోజులు చమురు ఆకాశానికి ఎగజిమ్మింది. వెనెజులా చమురు సంగతి ప్రపంచమంతా తెలిసింది అప్పుడే. జనం శాన్ బెనీతోని ఊరేగించారట, బావి ఆగింది. ఇసుక పూడుకుని తనంతట తానే మూసుకుపోయిందని ఇంజనీర్లంటారు. నేనూ ఆ జాతివాణ్ణే అయినా, నా ఓటు దేవుడికే.

ఎందుకంటే 1995లో మా కోనసీమ పాశర్లపూడిలో గ్యాసుబావి అలాగే బద్దలై (బ్లోఔట్ అంటారు) 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా వీధి అరుగుమీద దీపం లేకుండా పేకాడేవాళ్ళు. మాకు శాన్ బెనీతో లేడు.

"చమురు మాది, డబ్బు రాజధాని కరకాస్‌ది" అన్నాడా టాక్సీ పెద్దాయన. వెనెజులా అనగానే అందాల పోటీలు మాట్లాడేవాళ్ళకి ఇది అర్థంకాదు. నాకు వెంటనే అర్థమైంది. గ్యాసు మా పొలాల కింద నుంచే పైపుల్లో పోయేది, మా అమ్మేమో సిలిండరు బుక్ చేసి కట్టెలపొయ్యి ఊదుకుంటూ వారం రోజులు గుమ్మంకేసి చూసేది.