మంచె మీద రెండో కుర్చీ

పోయిన సంచికలో నేను నారింజ రంగు టోపీ పెట్టుకుని టెక్సస్‌లోని లానో అనే ఊరి దగ్గర మంచె మీద కూర్చున్న ఫోటో వేశారు. అప్పట్నించీ ఉత్తరాలే ఉత్తరాలు. ముగ్గురు తిట్టారు, ఒకావిడ జింక ఆవకాయ ఎలా పెట్టాలని అడిగింది, మిగతావాళ్లు మాత్రం దాదాపు ఒకటే అడిగారు: కొత్తవాళ్లని, పిల్లల్ని మొదటిసారి వేటకి ఎలా తీసుకెళ్లాలి అని. నేను పుట్టి పెరిగింది మాచర్ల పక్కన, ఉండేది ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో. తుపాకి మొదటిసారి ముట్టుకుంది నలభై ఒకటో ఏట, మా అమ్మాయి పోరు పడలేక. తొమ్మిదేళ్లుగా సీజన్‌కి ఇద్దరో ముగ్గురో కొత్త పిల్లల పక్కన కూర్చుంటున్నాను. నాకు తెలిసింది టెక్సస్ సంగతి. వేరే రాష్ట్రాలవాళ్లు మీ నిబంధనల పుస్తకం మీరు చూసుకోండి.

*అక్కా, మావాడికి పదకొండేళ్లు. నవంబరు వస్తే క్లాసులో పిల్లలంతా డీర్ హంటింగ్ కబుర్లేనట, రోజూ ప్రాణం తీస్తున్నాడు. నేనింకా హెచ్ వన్ వీసా మీదే ఉన్నాను. తుపాకి తెలీదు, తెలిసిన రాంచ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?*
— ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి

తమ్ముడూ, అందరికంటే ముందు మీ వీసా సంగతి. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్ వన్, హెచ్ ఫోర్, ఎఫ్ వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదు. దానికో మినహాయింపు ఉంది: రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు దాటనిది, ఉంటే ఫరవాలేదు. కాబట్టి లైసెన్సు ముందు, తుపాకి తర్వాత. ఫ్రెండ్ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి "ఒక్కసారి పేల్చి చూడరా" అన్నా సరే. టెక్సస్ లైసెన్సు ఏడాది సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో అయిపోతుంది. ఆగస్టు 31 రాత్రి పన్నెండు దాటాక అది ఉత్త కాగితం. నేను లాయర్ని కాను. గ్రీన్ కార్డు వరసలో పదేళ్లుగా నిలబడ్డవాళ్లు ఒకసారి మీ లాయర్ని అడిగి అడుగేయండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇక పిల్లాడి సంగతి. ఇక్కడ 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వేటగాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్, అంటే వేట పాఠాల కోర్సు, ఉండాలి. తొమ్మిదేళ్లు నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. మీరూ వాడితో పాటు క్లాసులో కూర్చోండి. నాన్న తప్పులు చెప్తుంటే కొడుకు దిద్దడం, వాడి వయసులో అంతకంటే పండగ ఉండదు. పదిహేడు లోపు వాళ్లకి లైసెన్సు 7 డాలర్లు. అక్టోబరు చివర్లోనూ జనవరిలోనూ జింకల వేటకి పిల్లలకి మాత్రమే వదిలిన రోజులుంటాయి, పెద్దవాళ్ల తుపాకుల హడావిడి లేకుండా.

రాంచ్ లేదని దిగులు పడకండి, మాకూ లేదు. టెక్సస్‌లో నూటికి 95 వంతుల దాకా నేల ప్రైవేటుదే. వేటకని నేల అద్దెకి తీసుకునే లీజులు మన జీతాలకి కూడా బరువే. అందుకే 1996లో రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ, టెక్సస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ కలిసి టెక్సస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ మొదలుపెట్టాయి. తొమ్మిది నుంచి పదిహేడేళ్ల పిల్లలకి. భూస్వాములు తమ పొలం ఇస్తారు, వాలంటీర్లు వండి పెడతారు, అమ్మో నాన్నో వెంట ఉండాలి. మేము మొదట వెళ్లిందీ అలాగే. శుక్రవారం సాయంత్రం గురి చూసుకోవడం, శనివారం తెల్లవారకముందే మంచె, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు. నేను పెరుగన్నం డబ్బా తీసుకెళ్లాను. ఆ డబ్బా చూసి అక్కడి ముసలాయన ఒకాయన "అదేంటి" అని అడిగి సగం తినేశాడు.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మంచె మీద రెండు కుర్చీలు, ఒకటే తుపాకి. ఆ తుపాకి పిల్లాడిది. రెండో కుర్చీలో కూర్చునేవాడు కొట్టమని చెప్పకూడదు, కొట్టొద్దని మాత్రం చెప్పొచ్చు. ఎందుకో కింది ఉత్తరంలో చెప్తాను.

*అమ్మా, మా పాపకి పన్నెండేళ్లు, తనే వెళ్తానంటోంది. ప్రాణం పోవడం చూసి మనసు చెదిరిపోదా? మా అత్తగారైతే ఆడపిల్లతో ఆ పాపమేంటని రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు.*
— హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్ నుంచి ఒక తల్లి

మా గుంటూరు వైపు "ఆదివారం వేటమాంసం తెచ్చారా" అంటే మేక తెచ్చారా అని అర్థం. వేట మానేశాం, మాట మానలేదు. మీ అత్తగారు శాకాహారి అయితే ఆవిడ మాటకి నేను ఎదురు చెప్పను. కొట్టు నుంచి కవర్లో తెచ్చిన ముక్కలు తినే ఆవిడైతే మాత్రం కాస్త మెల్లగా అడగండి.

మనసు చెదురుతుంది. చెదరాలి కూడానేమో. మా అమ్మాయి మొదటి సీజన్‌లో మూడు తెల్లవారుజాములు కూర్చుని ఒక్క తూటా కూడా పేల్చలేదు. పొద్దు పొడవకముందు మొక్కజొన్న గింజలు చల్లే మర, అదే ఫీడర్, గిర్రున తిరుగుతుంది. ఆ చప్పుడు వినగానే ఏడు జింకలొచ్చాయి. తను స్కోప్‌లో చూస్తూనే ఉంది, చూస్తూనే ఉంది. చివరికి "ఇవాళ వద్దమ్మా" అంది. సరేనన్నాను. దార్లో బర్నెట్‌లో ఆగి పాన్‌కేకులు తిన్నాం. మరుసటి ఏడు తనే కొట్టింది, ఏడ్చింది, ఏడుస్తూనే కత్తి అడిగి పేగులు తీయడంలో చెయ్యేసింది.

ఇక నేను పాడు చేసిన వేట ఒకటి చెప్తాను. మా చెల్లెలి కొడుకు, పదమూడేళ్లు. రెండో సాయంత్రం, వెలుగు ఇంకో పావుగంట ఉంటుంది. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కొట్టొచ్చని చట్టం. రెండ్రోజులు ఉత్త చేతులతో కూర్చున్నాం, వాళ్లమ్మ ఫోన్ల మీద ఫోన్లు. ఒక ఆడజింక వచ్చింది, నిలబడలేదు, ఏటవాలుగా నడుస్తోంది. "పెద్దమ్మా, అది కదులుతోంది" అన్నాడు వాడు గుసగుసగా. వాడికి తెలుసు. నేనే "కొట్టు నాన్నా, కొట్టు" అన్నాను. తూటా పొట్టలో తగిలింది. పొట్టలో తగిలిన జింకని గంటల తరబడి వదిలేయాలి. ఎక్కడో ఒకచోట పడుకుంటుంది, అక్కడే పోతుంది. నాకు నిమ్మళం లేక పది నిమిషాల్లో టార్చి పట్టుకుని వెంటపడ్డాను, అది లేచి ఇంకా దూరం పోయింది. రాత్రి పదకొండు దాకా మెస్కీట్ ముళ్లలో వెతికాం. పొద్దున దొరికింది, అప్పటికి కయోటీలు, నక్కల్లాంటివి, తినేశాయి. వాడు రెండేళ్లు తుపాకి ముట్టుకోలేదు. నాతో బాగానే మాట్లాడతాడు, అదే నాకు ఇంకా బాధ.

కొన్ని రాంచ్‌లలో మొదటి జింక పడగానే పిల్లల మొహానికి దాని నెత్తురు పూసే ఆచారం ఉంది. మీ పాపని ముందే అడిగి పూయమని వాళ్లకి చెప్పండి. మా అమ్మాయి బొట్టులా ఒక్క చుక్క పెట్టించుకుంది. మా చెల్లెలి కొడుకైతే మంచె కింద దాక్కునేవాడు.

*అక్కా, నాకు 34. ఆఫీసు వాళ్లు తమ లీజుకి రమ్మన్నారు. షాపులో అడిగి మంచి 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తుపాకి కొన్నాను. పేలిస్తే భుజం కమిలిపోతోంది, గురి ఎటో పోతోంది. సర్టిఫికెట్ కూడా ఇంకా లేదు.*
— ఆస్టిన్ నుంచి ఒక తమ్ముడు

గడ్డి కోయడానికి గొడ్డలి కొన్నావు. మన హిల్ కంట్రీ, అంటే ఆస్టిన్‌కి పడమటి కొండల వైపు, జింక నువ్వూ నేనూ అనుకున్నంత పెద్దది కాదు. 243 విన్‌చెస్టర్ చాలు, తన్ను తక్కువ. పెద్ద తన్నుకి భయపడి మీట లాగే క్షణాన కళ్లు మూసేసుకుంటున్నావు, గురి పోయేది అక్కడే. నమ్మకం లేకపోతే, నీకు తెలీకుండా మధ్య మధ్యలో ఉత్తుత్తి తూటా ఒకటి పెట్టమని స్నేహితుడికి చెప్పు. పేలనప్పుడు గొట్టం ఎంత కిందికి దూకిందో నీ కళ్లతోనే చూస్తావు. అందరి ముందూ నవ్వులపాలవుతావు, ఫరవాలేదు, నేనూ అయ్యాను. చెవులకి రక్షణ లేకుండా ఒక్కటీ పేల్చొద్దు.

బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కొట్టడం వేట కాదు. నేల మీద కూర్చుని, కర్రల మీద తుపాకి ఆనించి, 50 గజాల్లో కాగితపు పళ్లెం మీద వరసగా పది తగిలిస్తే అప్పుడు 100 గజాలకి వెళ్లు. జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు మీదుగా పైకి వెళ్లు, పొట్ట అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో ఆగు. అక్కడ గుండె, ఊపిరితిత్తులు. దాని వెనక ఏముందో కనపడకపోతే, అంటే అవతల రోడ్డో ఇల్లో ఆకాశమో అయితే, వేలు మీట దాకా పోకూడదు.

సర్టిఫికెట్ లేకపోతే పదిహేడు దాటినవాళ్లు 10 డాలర్లు కట్టి ఒక సీజన్‌కి వాయిదా తీసుకోవచ్చు, జీవితంలో ఒక్కసారే. అప్పుడు లైసెన్సూ అర్హతా ఉన్న పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. నన్నడిగితే వాయిదా మానేసి క్లాసుకే వెళ్లు. పదిహేడు దాటినవాళ్లకి మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

*అమ్మా, సంక్రాంతికి మా ఊరు వెళ్తున్నాం. మా తాతగారు చెవులపిల్లుల్ని కొట్టేవారట. మావాడికి అక్కడ ఒకసారి చూపిద్దామని.*
— డాలస్ నుంచి, మిర్యాలగూడ ఆయన

వద్దు బాబూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దగ్గర చెవులపిల్లిని కొట్టినా, కౌజుపిట్టకి ఉచ్చు వేసినా నేరమే. పొలంలో పడిందని, ఊళ్లో అందరూ తింటారని చెప్తే కేసు తేలిక కాదు. మా మేనమామ ఇంట్లో దూలం మీద నాటు తుపాకి ఉండేది. పొడి మందు కూరడం ఎలాగో ఆయన చెప్పినంత అందంగా ఇక్కడ ఏ మాస్టారూ చెప్పలేదు. కానీ అది ఆయన కాలం. మీవాణ్ణి పొద్దున్నే చెరువు గట్టుకి తీసుకెళ్లి బురదలో అడుగులు చూపించండి. కుక్కదేదో నక్కదేదో చెప్పగలిగితే, గోళ్ల గుర్తులు పడని అడుగు పిల్లిదని పట్టుకోగలిగితే, ఇక్కడికొచ్చాక వాడికి సగం పాఠం అయిపోయినట్టే.

*ఆంటీ, మాకు ఈ ఏడు రెండు జింకలు పడ్డాయి. ఉగాదికి తెలుగు సంఘం స్టాల్‌లో జింక బిర్యానీ పెట్టి, వచ్చిన డబ్బు పాఠశాలకి ఇద్దామని మా కుర్రాళ్ల ఆలోచన. బాగుంటుందా?*
— శాన్ ఆంటోనియో నుంచి ఒక వాలంటీరు

బాగుంటుంది, పోలీసులు కూడా వస్తారు. వేటాడిన జింక మాంసం అమ్మడం నేరం, డబ్బు ఎవరికిచ్చినా సరే. ఊరికే పంచొచ్చు. టెక్సస్‌లో వేరేవాళ్లకి మాంసం ఇచ్చేటప్పుడు ఎవరు కొట్టారు, ఎక్కడ, ఎప్పుడు అని రాసిన చిన్న పత్రం, వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ అంటారు, దాంతోపాటు ఇవ్వాలి. ఎక్కువైతే హంటర్స్ ఫర్ ద హంగ్రీ వాళ్లకిస్తే అన్నం లేనివాళ్లకి చేరుతుంది.

వండుకునేవాళ్లకి: తెల్ల కొవ్వు అంతా గీకి పారేయండి, మైనంలా నాలుక్కి అంటుకుంటుంది. వెన్ను పక్క కండని కుక్కర్‌లో పెట్టి చెప్పుల్లా చేయకండి. పెనం బాగా కాలాక మిరియాలూ ఉప్పూ నెయ్యీ, అటూ ఇటూ కాస్త కాస్త. తొడ కైమాకి. కాళ్ల ముక్కలు మాత్రం కుక్కర్‌లో ఆరు విజిళ్లు రానిచ్చి, గోంగూర వేసి దించండి. గోంగూర దొరక్కపోతే చింతచిగురు పొడి వేసినా తింటారు, నేను మాత్రం ఫోన్ చేసి గోంగూర ఎవరి పెరట్లో ఉందో కనుక్కుంటాను.