వైరస్ ఒకటే, ఒక్కో దేశంలో ఒక్కో రూల్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 64. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మా అబ్బాయి అమెరికాలో, అమ్మాయి ఇంగ్లాండ్‌లో ఉంటారు. కొన్ని వారాల తేడాతో ఇద్దరికీ కోవిడ్ వచ్చి తగ్గింది. అబ్బాయికేమో జ్వరం తగ్గి ఒక రోజు గడిస్తే ఆఫీసుకు వెళ్లొచ్చన్నారట. అమ్మాయినేమో 5 రోజులు ఇంట్లో ఉండమన్నారు, పెద్దవాళ్లను 10 రోజుల దాకా కలవొద్దన్నారు. 2020లో అయితే 14 రోజులు గది దాటనివ్వలేదు. ఇందులో ఏది నిజం? వచ్చే నెల ఇద్దరూ నా దగ్గరికి వస్తున్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ పిల్లల సంగతి చూద్దాం. ఆ రెండు సలహాల మధ్య మీరు అనుకున్నంత తేడా లేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024 మార్చిలో ఇచ్చిన సూచన అక్కడితో ఆగదు. జ్వరం మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాలి. అప్పుడు బయటికి వెళ్లొచ్చు గానీ మరో 5 రోజులు మాస్కు, దూరం, గాలి ఆడే గది లాంటి జాగ్రత్తలు తప్పవు. ఈ రెండో సగం అమ్మకు ఫోన్లో చెప్పేటప్పుడు ఎలాగూ ఎగిరిపోతుంది! ఇంగ్లాండ్ వాళ్లు అదే విషయాన్ని మరో రకంగా చెప్పారు. మామూలు కోవిడ్‌లో లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలైన తర్వాత మూడు నాలుగు రోజుల వరకు వైరస్ ఎక్కువగా అంటుకుంటుంది. పదో రోజు దాటాక ఇతరులకు సోకడం అరుదు.

14 రోజుల లెక్క అసలు వేరు. జబ్బు పడ్డవాళ్లతో తిరిగి, తమకు సోకిందో లేదో ఇంకా తెలియనివాళ్ల కోసం పెట్టింది అది. సోకితే ఆ గడువులోపు దాదాపు అందరికీ లక్షణాలు బయటపడతాయి. అప్పట్లో పేషెంట్లకూ, పక్కనున్నవాళ్లకూ కలిపి అదే అంకె వినబడేసరికి అందరి మనసులోనూ అదే ఉండిపోయింది.

ఇక మీ ప్రశ్నలో నాకు ఆసక్తిగా అనిపించిన భాగం. ప్రభుత్వం పెట్టే రూల్ డాక్టర్ రాసే చీటీ లాంటిది కాదు. చీటీ ఒక మనిషిని చూసి రాస్తాం. రూల్ పెట్టేటప్పుడు ఆస్పత్రుల్లో ఎన్ని పడకలున్నాయి, జనంలో ఎంతమందికి ఇమ్యూనిటీ వచ్చింది, ఇంట్లో కూర్చుంటే ఎవరి పూట గడవదు అన్నవి కూడా చూసుకోవాలి. 2020లో ఎవరికీ ఇమ్యూనిటీ లేదు. ఇప్పుడు టీకా వల్లో, ఒకసారి జబ్బు రావడం వల్లో చాలామందికి ఎంతో కొంత ఉంది. అందుకే అప్పటి రూల్‌నూ ఇప్పటి రూల్‌నూ పక్కపక్కన పెట్టి ఏది అబద్ధమని అడిగితే జవాబు దొరకదు.

వీటన్నింటికంటే ముందు చూడాల్సింది వైరస్ స్వభావం. కోవిడ్‌లాగే కరోనా వైరస్ వల్ల వచ్చే సార్స్ అనే జబ్బు 2002-03లో 8,098 మందికి సోకింది, 774 మంది చనిపోయారు. అయినా టీకా లేకుండానే 2003 జులై నాటికి అదుపులోకి వచ్చింది. ఎందుకంటే సార్స్ పేషెంటు జ్వరం వచ్చాకే, అదీ ఒంట్లో బాగా ముదిరాకే ఎక్కువగా అంటించేవాడు. జ్వరం వచ్చినవాళ్లను వెంటనే వేరు చేస్తే గొలుసు తెగిపోయేది. కోవిడ్ అలా కాదు, దగ్గు రాకముందే పక్కవాళ్లకు చేరిపోతుంది. అదే పద్ధతి ఇక్కడ చాల్లేదంటే తప్పు పద్ధతిది కాదు.

ఎబోలా కూడా లక్షణాలు వచ్చాకే అంటుతుంది. ఆ ఒక్క విషయాన్ని పట్టుకుని నైజీరియా 2014లో చేసిన పని మా డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జులై 20న లైబీరియా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడు లాగోస్ ఎయిర్‌పోర్టులోనే కుప్పకూలాడు. ఆస్పత్రిలో మొదట మలేరియా అనుకున్నారు. డాక్టర్ అమేయో అదాదెవోకు ఎబోలా అనుమానం వచ్చింది. ఆ ప్రయాణికుణ్ని పంపించేయమని లైబీరియా అధికారుల నుంచి ఒత్తిడి వచ్చినా ఆమె కదలనివ్వలేదు. కోటికి పైగా జనం ఉన్న నగరంలోకి ఆయన వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆమెకూ జబ్బు సోకి ఆగస్టులో చనిపోయారు. అప్పటికే పోలియో కోసం ఏర్పాటై ఉన్న బృందాలను ప్రభుత్వం ఈ పనికి మళ్లించింది. పేషెంట్లతో కలిసినవాళ్లు దాదాపు 900 మంది లెక్క తేలారు. వాళ్ల ఇళ్లకు రోజూ వెళ్లి, 21 రోజుల పాటు జ్వరం చూశారు. అలా ఇంటి గడప తొక్కింది మొత్తం 18 వేలకు పైగా సార్లు. చివరికి 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. అక్టోబర్ 20న దేశాన్ని ఎబోలా రహితంగా ప్రకటించారు. గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో మాత్రం 2014-16 మధ్య అది 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నైజీరియా ధనిక దేశమేమీ కాదు. కానీ ఇల్లిల్లూ తిరగడం తెలిసిన మనుషులు సిద్ధంగా ఉన్నారు.

దక్షిణ కొరియా మాత్రం ఎదురుదెబ్బ తిన్నాకే నేర్చుకుంది. 2015లో విదేశం నుంచి వచ్చిన ఒక్క మనిషి వల్ల అక్కడ మెర్స్ అనే మరో కరోనా వైరస్ జబ్బు 186 మందికి పాకింది, 38 మంది పోయారు. జబ్బు ఏమిటో తేలేలోపు ఆయన ఒకటికి మించి ఆస్పత్రులు తిరిగాడు. కిక్కిరిసిన ఎమర్జెన్సీ వార్డుల్లో అది అల్లుకుపోయింది. ఏయే ఆస్పత్రుల్లో కేసులున్నాయో ప్రభుత్వం మొదట బయటపెట్టలేదు, జనం మండిపడ్డారు. ఆ తర్వాత చట్టాలు మార్చారు. అత్యవసరంలో కొత్త టెస్టు కిట్లకు వేగంగా అనుమతి ఇచ్చే వీలు కల్పించారు. అందుకే 2020 జనవరిలో తొలి కోవిడ్ కేసు వచ్చిన కొద్ది రోజులకే కిట్ల కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడగలిగారు. ఫిబ్రవరి కల్లా జనం కారు దిగకుండానే శాంపిల్ ఇచ్చారు.

లాక్‌డౌన్ మాట వస్తే అందరూ స్వీడన్‌ను లాక్కొస్తారు. ఇరువైపులా చెప్పేది సగం కథే. అక్కడ కఠినమైన లాక్‌డౌన్ పెట్టలేదు, చిన్న పిల్లల బడులు నడిపారు. నిజమే. మొదటి ఏడాది వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో చాలామంది చనిపోయారు, మరణాలు పక్కనున్న నార్వే, ఫిన్లాండ్‌ల కంటే బాగా ఎక్కువ. అదీ నిజమే. కొన్నేళ్ల మొత్తం అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటి కంటే ఎన్ని ఎక్కువ జరిగాయో చూస్తే మాత్రం యూరప్‌లో తక్కువ ఉన్న దేశాల్లో అదొకటి. ఇదీ నిజమే. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. అక్కడ జబ్బు సెలవు పెడితే మొదటి రోజు జీతంలో కోత పడేది. 2020 మార్చి నుంచి ఆ కోతను ప్రభుత్వం భర్తీ చేసింది. ఒంట్లో బాగోలేనివాడు ఇంట్లో ఉండాలంటే పోలీసుల కంటే అది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

న్యూజిలాండ్ చుట్టూ సముద్రం ఉంది. 2020 మార్చిలో సరిహద్దులు మూసి, గట్టిగా లాక్‌డౌన్ పెట్టి, టీకాలు వేసేదాకా కాలం కొనుక్కుంది. నాలుగు వైపులా రోడ్లున్న దేశానికి ఆ వీలుండదు. ఇక సింగపూర్ మొదట్లో అందరి చేతా శభాష్ అనిపించుకుంది గానీ, వలస కార్మికులు ఇరుకుగా ఉండే హాస్టళ్లను పట్టించుకోవడం ఆలస్యమైంది. 2020 చివరికి ఆ హాస్టళ్లలో దాదాపు సగం మందికి వైరస్ సోకినట్టు అక్కడి ప్రభుత్వమే చెప్పింది. దూరం పాటించాలంటే ముందు గదిలో జాగా ఉండాలి కదా.

సరే, మీ విషయానికి వస్తాను. మీ వయసు, షుగర్ చూస్తే మీకు కోవిడ్ తీవ్రం అయ్యే అవకాశం మీ పిల్లల కంటే ఎక్కువ. కాబట్టి మీ ఇంట్లో ఇంగ్లాండ్ మాటే పెట్టుకోండి. పిల్లలకు కోవిడ్ తగ్గి వారాలు గడిచాయంటే ఆ పాత జబ్బు గురించి భయం అక్కర్లేదు. బయల్దేరే ముందు మళ్లీ జ్వరం, దగ్గు, గొంతునొప్పి మొదలైతే టికెట్ మార్చుకోమనండి. వచ్చాక మొదలైతే టెస్టు చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే 10 రోజులు వేరే గది, మీ దగ్గరికి వచ్చినప్పుడు మాస్కు, కిటికీలు బార్లా తెరిచి ఉంచడం. నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే జాగ్రత్త మానొద్దు. ఫ్లూ టీకా, కోవిడ్ బూస్టర్ గురించి వాళ్లు రాకముందే మీ డాక్టర్‌ను అడగండి.

ఒకవేళ మీకే సోకితే చూద్దాంలే అని ఆగకండి. వైరస్ మీద పనిచేసే మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. అవి కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మందులతో పడవు, కిడ్నీల పనితీరు కూడా చూడాలి. అందుకే ఇప్పుడు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 కంటే తగ్గినా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఇంకో మాట. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనిపించలేదు. ఎవరో చెప్పారని మామూలు జ్వరానికి దాన్ని వేసుకుంటే మీకు షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. జ్వరం ఉన్నన్నాళ్లూ షుగర్ మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోండి. షుగర్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులో విరేచనాలో అయి తిండి సయించకపోతే అదే రోజు మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి, డోసు మార్చాల్సి రావచ్చు.