రాత్రి షిఫ్ట్ బగ్ గురించి మా అబ్బాయికి

నాన్నా,

మొన్న ఫోన్‌లో ఉద్యోగం మానేస్తానన్నావు. ఎందుకురా అంటే ఒక టికెట్ (బగ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పును, సరిచేయమని వచ్చిన ఫిర్యాదు) కథ చెప్పావు. నీ లాప్‌టాప్‌లో హాజరు ప్రోగ్రామ్ బాగానే నడుస్తోందట, టెస్టర్‌కీ తప్పు కనపడట్లేదట, ప్రొడక్షన్‌లో (అందరూ వాడే అసలు సిస్టమ్‌లో) మాత్రం రాత్రి షిఫ్ట్ వాళ్ళ హాజరు ముందురోజు తేదీన పడుతోందట. మూసిన టికెట్ మళ్ళీ తెరిచారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా రోజూ స్టాండప్‌లో (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్‌లో) "ఇంకా కాలేదా?" అన్న ప్రశ్న. ఏసీలో కూర్చుని చేసే పనికి ఇంత గోల ఎందుకో మీ అమ్మకు అర్థం కాలేదు. నాకైంది, అందుకే రాస్తున్నా.

ముందు ఆ బగ్ సంగతి. నీ లాప్‌టాప్ మన టైమ్‌లో ఉంటుంది. సర్వర్లను మామూలుగా యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్‌లో) పెడతారు, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 2 గంటలకు ఒకాయన వేలిముద్ర వేస్తే అక్కడ ఇంకా ముందురోజు రాత్రి 8:30. కోడ్ సర్వర్ తేదీనే తీసుకుంటే ఆయన హాజరు నిన్నటి ఖాతాలో పడుతుంది. తెల్లవారి 5:30 దాటాక రెండుచోట్లా తేదీ ఒకటే, కాబట్టి పగలు పరీక్షించే టెస్టర్‌కు అది ఎన్నటికీ దొరకదు.

ఇది నా అనుమానమే. తేల్చుకోవడం తేలిక: తప్పుపడ్డ రికార్డులన్నీ తీసి టైమ్ ప్రకారం వరుసలో పెట్టు. అన్నీ అర్ధరాత్రి 12కీ 5:30కీ మధ్యే ఉంటే దొంగ దొరికినట్టే. 5:30 తర్వాతది ఒక్కటి కనిపించినా నా మాట పక్కన పెట్టి ఇంకోచోట వెతుకు. దొరికితే మాత్రం ఐదున్నర గంటలు కలిపేసి చేతులు దులుపుకోకు. సమయాన్ని యూటీసీలోనే దాచి, తేదీ లెక్కేసే చోట ఏ జోనో కోడ్‌లో స్పష్టంగా చెప్పు. ఇంకోటి కూడా ఉంది. రాత్రి 10కి మొదలై పొద్దున 6కి ముగిసే షిఫ్ట్ అసలు ఏ తేదీకి చెందాలి? అది కోడ్ తేల్చేది కాదు, హెచ్‌ఆర్ వాళ్ళను అడగాల్సింది. మనం తల బద్దలుకొట్టుకునే బగ్గుల్లో చాలావాటికి వెనక ఇలా ఎవరూ తేల్చని రూలు ఒకటుంటుంది.

నువ్వేమో ఒక లైను మార్చి, బిల్డ్ కొట్టి, కాకపోతే ఇంకో లైను మార్చుకుంటూ పోయావు. అలా చీకట్లో రాళ్ళు విసిరితే సాయంత్రానికి ఏం తెలిసిందో చెప్పడానికి ఏమీ మిగలదు. విసుగంతా అక్కడే పుడుతుంది. ఏదైనా మార్చేముందు "ఇందువల్ల అనుకుంటున్నా, ఇది చూస్తే తేలుతుంది" అని నోట్‌ప్యాడ్‌లో ఒక ముక్క రాసుకో. నిన్నటిదాకా నడిచింది ఇవాళ చెడితే గిట్ బైసెక్ట్ (కోడ్ మార్పుల చరిత్రలో వెతికే గిట్ కమాండ్) వాడు. వెయ్యి కమిట్లు (నమోదు చేసిన కోడ్ మార్పులు) ఉన్నా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే పది చూపుల్లో చెడగొట్టిన కమిట్ బయటపడుతుంది. దాని మీద ఎవరి పేరున్నా గ్రూపులో పెట్టి పరువు తీయకు. వచ్చే నెల నీ పేరే ఉండొచ్చు.

స్టాండప్‌లోనూ ఆ నోట్‌ప్యాడ్ ముక్కే చదువు. "చూస్తున్నాను సర్" అంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది. "టైమ్‌జోన్ కాదని తేలింది, ఇవాళ వేలిముద్ర మెషీన్ గడియారం చూస్తాను" అంటే ఇక అడగడానికేముంది? సీనియర్ దగ్గరికి వెళ్ళినా అంతే: ఏం రావాలి, ఏం వస్తోంది, ఇప్పటిదాకా ఏమేం చూశావు. గంట దాటి ఒకేచోట తిరుగుతుంటే మొహమాటపడకుండా వెళ్ళు. ఎన్ని రోజులు పడుతుందని మేనేజర్ అడిగితే భయంతో "రేపటికల్లా" అనకు. కారణమే తెలియని బగ్‌కు గడువెలా చెబుతాం? "సాయంత్రానికి కారణం తెలిసిందో లేదో చెబుతాను, గడువు ఆ తర్వాత" అను.

బగ్ వచ్చిందని నీ చదువునే శంకించుకోకు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ' ఉన్న ఒక తెలుగు అక్షరాల వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇస్తే గానీ సర్దుకోలేదు. మన అక్షరాన్ని చూసి అంత పెద్ద కంపెనీ ఫోనే తడబడింది (చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే అనిపించింది).

రాత్రి కాల్స్ గురించి కూడా అన్నావు. న్యూయార్క్ వాళ్ళ పొద్దున 10 గంటల మీటింగ్ వేసవిలో మనకు రాత్రి 7:30, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 8:30. ఇప్పుడే మాట్లాడి చలికాలానికి మీటింగ్‌ను ఒక గంట ముందే పెట్టించుకో. వాళ్ళకు ఆ గంట గుర్తుండదు, మనమే అడగాలి.

ఉద్యోగం సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడదాం. రికార్డులు నాకు పంపకు, అది కంపెనీ డేటా. టైమ్‌లు ఎలా ఉన్నాయో నువ్వే చూసి ఫోన్ చెయ్యి. ఫిక్స్ దొరికినా శుక్రవారం సాయంత్రం మాత్రం ప్రొడక్షన్‌లోకి పంపకు, సోమవారం దాకా ఆగు.

మీ పిన్ని