ప్రశ్న–జవాబు: కొత్త బుష్‌లు కొన్నాళ్లకే ఎందుకు చిరుగుతాయి?

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4ను బాగు చేయించుకుంటున్నాను. ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్మ్‌లకూ, వెనుక కమాన్ కట్టలకూ కొత్త రబ్బరు బుష్‌లు (కీళ్లలో కూర్చునే రబ్బరు గొట్టాలు) వేయించిన కొద్ది నెలలకే గతుకుల్లో కీచు శబ్దం మళ్లీ మొదలైంది. విప్పి చూస్తే రబ్బరు చిరిగి ఉంది. సరుకు నాసిరకమని మెకానిక్ అంటున్నారు. పాలీయురిథేన్‌వి (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్‌వి) వేయించమంటారా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సరుకును తప్పుపట్టే ముందు, నట్లను ఏ స్థితిలో బిగించారో అడిగి తెలుసుకోండి. బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే పూర్తిగా బిగించి ఉంటే, ఎంత మేలైన రబ్బరైనా ఇలాగే చిరుగుతుంది.

రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు. లోపలి అంచును బోల్టూ, బయటి అంచును ఆర్మూ గట్టిగా పట్టుకొని ఉండగా, మధ్యనున్న రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. వేలాడే చక్రంతో బిగిస్తే ఆ కోణమే దానికి విశ్రాంతి స్థానమవుతుంది కనుక, బండి నేలకు దిగినప్పటి నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది. ప్రతి గతుకూ దాన్ని ఇంకా మెలిపెడుతుంది.

అందుచేత బండిని లేపకముందే, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తును రెండు వైపులా కొలిచి రాసుకోండి. బుష్‌లు ఎక్కించాక నట్లను ఆనించి మాత్రమే ఉంచి, బండిని దించి, నాలుగు మూలలా అదిమి, కాస్త ముందుకూ వెనక్కూ నడిపి, ఆ తర్వాతే సర్వీసు గుంతలో నిలిపి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. గుంత లేకపోతే, కొలిచిన ఎత్తు వచ్చే వరకు ముందువైపు కింది ఆర్మ్‌ల కిందా, వెనుక యాక్సిల్ కిందా జాకీ పెట్టి లేపి బిగించవచ్చు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. మీ బండికి ముందువైపు ఉన్నది కాయిల్ స్ప్రింగ్ కాదు, టార్షన్ బార్, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ. దాని మెలి బిగువును సడలించకుండా కింది ఆర్మ్‌ను ఊడదీస్తే, అది విసురుగా కిందికి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. అనుభవమున్న మనిషి లేకుండా ఆ పనికి పూనుకోకండి.

బుష్ కూర్చునే కన్నులోని తుప్పును ఎమెరీ కాగితంతో తీయించండి. ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు చాలు. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పాత బోల్టు మీద గోరు ఆనించి జరపండి, గోరుకు మెట్టు తగిలితే బోల్టు కూడా మార్చవలసిందే.

పాలీయురిథేన్ బుష్ మెలితిరగదు, జారుతూ తిరుగుతుంది. అందువల్ల బిగింపు కోణం సమస్య దానికి అంతగా ఉండదు గానీ, సిలికాన్ గ్రీజు ఎండితే కీచుమంటుంది, రోడ్డు అదురును లోపలికి ఎక్కువగా పంపిస్తుంది. ఈ బండికి రబ్బరే తగినదని నా అభిప్రాయం. బుష్‌లు మార్చిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తప్పక సరిచూపించండి.