బుంగమిరపకాయ మీద మూత పెట్టొద్దు

చిరంజీవి మేనల్లుడికి, కావలి నుంచి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో నీ వంట సంగతి విని నవ్వాపుకోలేకపోయాను. సిగ్నల్ తెగిపోతూ ఉంటే చెప్పాల్సింది సగం కూడా చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. అరకిలో బుంగమిరపకాయలు, అదే మీరు క్యాప్సికం అంటారే, అవి తరిగి, ఉప్పూ కారం ముందే వేసి, మూత పెట్టి ఇరవై నిమిషాలు మగ్గబెట్టావు. ఆఖరికి పచ్చటి నీళ్ళలో తొక్కలు తేలాయన్నావు. తేలవా మరి? వంకాయకు చేసే మర్యాద దానికి చేశావు అబ్బయా.

నేనూ అంతేలే. పెళ్ళయిన కొత్తలో మీ మామయ్య తొలిసారి బుంగమిరపకాయలు తెస్తే, గుత్తి వంకాయలా చీల్చి చింతపండు పులుసు పోసి ఉడకబెట్టాను. మా అత్తగారు ఒక్క ముద్ద తిని, "మిరపకాయ అన్నారు, కారమేదమ్మా?" అని అడిగి మజ్జిగన్నం కలుపుకున్నారు. ఆ పూట ఇంకెవరూ దాని జోలికి పోలేదు.

ఆవిడ ప్రశ్నకు జవాబు బడిలో జీవశాస్త్రం చెప్పేటప్పుడు గానీ నాకు తెలియలేదు. ఇదీ, మన గుంటూరు మిరపా ఒకే జాతి. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. బుంగమిరపకు దాన్ని తయారు చేసుకునే శక్తి లేదు. 1912లో స్కోవిల్ అనే ఆయన కారాన్ని కొలిచే పద్ధతి ఒకటి కనిపెట్టాడు, ఆ లెక్కలో దీని మార్కు సున్నా. అన్నట్టు, మామూలు మిరపకాయలో కూడా కారం గింజల్లో ఉందనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. పచ్చిమిర్చి ఘాటు తగ్గించాలంటే ఆ ఈనె తీసెయ్.

కాబట్టి కారం మనమే వెయ్యాలి. మన జిల్లావాళ్ళకు చెయ్యి జారేది సరిగ్గా అక్కడే. బుంగమిరపకు ఉన్న ఆస్తల్లా దాని వాసన, కాస్త తీపి. గుప్పెడు కారం కుమ్మరిస్తే ఆ రెండూ పోతాయి, ఇక బెండకాయైనా అదైనా ఒకటే. నాలుగు కాయలకు ఒక చెంచా కారం చాలు. అదీ పొడిలో కలిపి, ఆఖర్న.

ఆ పొడి ఇలా చేసుకో. మూడు చెంచాల శనక్కాయలు సన్నసెగ మీద వేయించి పొట్టు తీసెయ్. ఒక చెంచా నువ్వులు చిటపటలాడేదాకా వేయించు. చల్లారాక రెండు చెంచాల పుట్నాల పప్పు, అర చెంచా జీలకర్ర, చెంచా కారం, సరిపడా ఉప్పు కలిపి మిక్సీలో బరకగా తిప్పు. చివర్లో ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి ఒక్క తిప్పు తిప్పి ఆపు. మెత్తగా పోనిచ్చావంటే శనక్కాయల నూనె బయటికొచ్చి ముద్దవుతుంది.

ఇక కాయలు. కడిగాక గుడ్డతో బాగా తుడువు, తడి ఉంటే వేగవు. తొడిమ, గింజలు తీసి పెద్ద పెద్ద ముక్కలు కొయ్యి, బొటనవేలంత ఉండాలి. ఇనప మూకుడు పొగ వచ్చేముందు దాకా కాగాలి. మూడు చెంచాల నూనె, ఆవాలు, రెండు ఎండుమిర్చి, కరివేపాకు. ఎండుమిర్చి వేసేముందు కిటికీ తెరువు, లేకపోతే పైవాటా వాళ్ళు కూడా తుమ్ముతారు. రేకులుగా విడదీసిన ఉల్లిపాయ ఒక నిమిషం వేగాక క్యాప్సికం వేసి పెద్దమంట మీద నాలుగైదు నిమిషాలు తిప్పు. మూత ముట్టుకోవద్దు. ఉప్పు కూడా ముందు వెయ్యొద్దు, ముక్కలో ఉన్న నీళ్ళన్నీ బయటికి లాగేస్తుంది. నిన్న నువ్వు చూసిన పచ్చనీళ్ళు అవే. కాయలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళేనాయె. తోలు మీద అక్కడక్కడా నల్లటి బొబ్బలు లేచి, కొరికితే లోపల ఇంకా కరుక్కుమంటున్నప్పుడు పొడి చల్లి, రెండుసార్లు ఎగరేసి దించెయ్. పొడి వేశాక మంట మీద ఉంచితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది.

వేడన్నంలో నెయ్యి వేసి పక్కన పప్పుచారు పెట్టుకుంటే ఇంకేం వద్దు. చపాతీలోకి కూడా బాగుంటుంది.

చేయి తిరిగాక గుత్తిగా చెయ్యి. నెల్లూరు కారం దోసె మీద పూసే ఉల్లికారం ఉంది చూడు, అదే కూరేది. నానబెట్టిన ఎండుమిర్చి నాలుగు, ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి, ఉసిరికాయంత కాదు, గోలీ అంత చింతపండు రుబ్బి, నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అందులో పుట్నాల పొడి కలిపితే గట్టిపడుతుంది. చిన్నకాయలు తెచ్చుకుని, గింజలు తీసి కూరి, సన్నసెగ మీద దొర్లిస్తూ పావుగంట. దీనికి మాత్రం మూత పెట్టొచ్చు. చెప్పిన మాట నేనే తప్పుతున్నానని నవ్వకు. కాయ చీల్చం గదా, ముచ్చికను మాత్రం కోస్తాం. ఆవిరి లోపలే తిరిగి కాయ మెత్తబడుతుంది.

కొనేటప్పుడు తొడిమ చూడు. పచ్చగా ఉంటే తాజాది, గోధుమరంగుకు తిరిగితే వదిలెయ్. చేతికి బరువు తగలాలి. అడుగున మూడు బుడిపెలుంటే మగకాయ, నాలుగుంటే ఆడకాయ అని ఎవరన్నా చెప్తే విని ఊరుకో. ఎరుపు, పసుపు కాయలు కూడా ఈ కాయలే, చెట్టునే పండినవి. తీపెక్కువ, ధర కూడా ఎక్కువే. వాటికి ఈ పొడి పట్టదని నా అభిప్రాయం, పచ్చిగా తిను. సి విటమిన్ నూరు గ్రాముల పచ్చకాయలో 80 మిల్లీగ్రాముల దాకా, ఎర్రదాంట్లో 120 పైనే ఉంటుంది. నారింజలో యాభై చిల్లరే. మంట మీద కొంత పోతుంది గనుక వండేటప్పుడు రెండు ముక్కలు నోట్లో వేసుకో.

నీ రూములో ఫ్రిజ్ లేదు గదా, ఒంగోలు రోహిణి కార్తె ఎండలకు ఒక్క రోజులో ముడతలు పడతాయి. ఏ పూటకాపూట నాలుగు తెచ్చుకో, అరకిలో వద్దు.

ఆదివారం మీ నాన్న అటు వస్తున్నాడు. స్టీలు డబ్బాలో పొడి పెట్టి పంపుతున్నాను, పదిహేను రోజులు వస్తుంది. తడి చెంచా పెట్టకు. డబ్బా మాత్రం మీ నాన్న చేతే వెనక్కి పంపించు, పోయినసారి పచ్చడి డబ్బా ఇంతవరకూ రాలేదు.

మీ అత్త