అడుగు లెక్కన వేసిన గోడ టైల్స్ ఊడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పద్నాలుగు నెలల కిందట స్నానాల గది గోడలకు రెండడుగులు నాలుగడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయించాం. మేస్త్రీకి అడుగు లెక్కన ఇచ్చాం. ఇప్పుడు ఏడు టైల్స్ ఊడిపడ్డాయి, మరికొన్ని తడితే డొల్లగా మోగుతున్నాయి. మేస్త్రీ టైల్‌దే తప్పంటాడు, షాపాయన మేస్త్రీదే అంటాడు. రాతపూర్వక ఒప్పందం లేదు, షాపు ఇచ్చింది ఎస్టిమేట్ చీటీ ఒక్కటే. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. కాకపోతే ఊడిన టైల్స్ పారేయకండి, తొందరపడి గోడ మళ్లీ వేయించకండి. తప్పెవరిదో చెప్పేది ఆ టైల్ వెనకవైపే.

తిప్పి చూడండి. వెనక శుభ్రంగా ఉండి సిమెంటంతా గోడకే మిగిలిపోతే, టైల్ అసలు పట్టుకోలేదన్నమాట. విట్రిఫైడ్ టైల్ నీరు దాదాపు పీల్చదు, కాబట్టి ఉత్త సిమెంట్ పాలు దానికి గట్టిగా అంటవు. పైగా ఈ సైజు టైల్ ఒక్కొక్కటి పది కిలోలు దాటుతుంది. దీనికి పాలిమర్ కలిసిన అడెసివ్, అంటే టైల్స్ అతికించే జిగురు పొడి, వాడాలి (భారతీయ ప్రమాణం ఐఎస్ 15477). నాలుగైదు ముద్దల గుర్తులే కనిపిస్తే, పళ్లున్న తాపీతో మొత్తం పరచకుండా ముద్దలతో అతికించారు. సిమెంటు టైల్‌తో పాటే వచ్చేసి కింద నున్నటి ప్లాస్టరింగ్ బయటపడితే, గాట్లు కొట్టలేదు. ఈ మూడూ మేస్త్రీ పనిలో లోపాలే.

ప్లాస్టరింగే ఇటుక నుంచి విడిపోయి తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే సంగతి వేరు. మన డెల్టాలో నేలలో నీరు పైపైనే ఉంటుంది, చెమ్మ పునాది నుంచి గోడెక్కుతుంది. అప్పుడు టైల్స్ మేస్త్రీ ఒక్కడి మీదే వేస్తే కేసు బలహీనపడుతుంది, ప్లాస్టరింగ్ చేసినవారినీ చేర్చాలి. టైల్ పైపూతలో వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చి ఉంటే తయారీ లోపమని అనుమానించాలి, షాపునూ కంపెనీనీ చేర్చాలి. తేల్చుకోలేకపోతే అందరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరి మీదొకరు తోసుకునేవాళ్లకు అదే సరైన జవాబు.

ఒక మాట నిజాయితీగా ఆలోచించుకోండి. అడెసివ్ ఖర్చెక్కువని మీరే సిమెంటుతో కానిచ్చెయ్యమన్నారా? మేస్త్రీ మొదట ఎత్తే వాదన అదే, అది మీ పరిహారాన్ని తగ్గించవచ్చు. అయినా పని తెలిసినవాడిగా ఇలా వేస్తే నిలవదని చెప్పాల్సిన బాధ్యత అతనిదేనని నా అభిప్రాయం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇంటి నిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుంది. వ్యక్తిగత సేవా ఒప్పందానికి మాత్రం మినహాయింపు ఉంది. రోజు కూలికి పెట్టుకుని, మీరు చెప్పినట్టల్లా చేయించుకుని ఉంటే ఆ మినహాయింపు వాదన వస్తుంది. అడుగు లెక్కన గుత్తకిస్తే అది తన నైపుణ్యంతో చేసి అప్పగించే పని. ఈ తేడాను 1995లో సుప్రీంకోర్టు వైద్యుల కేసులో వివరంగా చెప్పింది. మీరు అడుగు లెక్కన ఇవ్వడం ఇక్కడ కలిసొచ్చింది.

కాగితం లేదని దిగులు వద్దు. నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు, అట్టపెట్టె మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) అన్నీ దాచండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. పెట్టె మీద ‘గోడకు వేశాక క్లెయిమ్ లేదు’ అని ఉన్నా భయపడకండి. రంగు, సైజు తేడాలు వేయకముందే కనిపిస్తాయి కాబట్టి వాటికా మాట చెల్లవచ్చు; లోపల దాగిన లోపానికి అదే అడ్డుగోడ అని ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడే నాణెంతో గోడంతా తట్టి, డొల్ల మోగినచోట సుద్దతో గుర్తు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటోలు, వీడియో తీయండి. సిమెంటు అంటుకుని ఉన్న టైల్స్ రెండు మూడు భద్రంగా ఉంచండి. ఈ పనితో సంబంధం లేని సివిల్ ఇంజినీరు చేత చూపించి సంతకంతో రిపోర్టు తీసుకోండి. ఆ తర్వాత ఊగుతున్న టైల్స్ తీయించేయండి, తలమీద పడితే ప్రమాదం. పైగా నష్టం పెరుగుతుంటే చూస్తూ కూర్చుంటే, పెరిగిన భాగానికి పరిహారం రాదు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెప్పేది అదే.

తర్వాత పదిహేను రోజుల గడువుతో మేస్త్రీకి, షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు. పలకకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. వినియోగదారుల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. టైల్‌దే లోపమంటే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపమని ఆదేశించగలదు.

పరిహారం లెక్కలో టైల్ ధర ఒక్కటే రాయకండి. కొట్టి తీసే కూలి, ప్లాస్టరింగ్ మరమ్మతు, కొత్త అడెసివ్ (20 కిలోల బస్తా 45–55 చదరపు అడుగులకు వస్తుంది), మళ్లీ వేసే కూలి కలపండి. అదే లాట్ టైల్ ఇప్పుడు దొరక్కపోతే రంగు కలవదు, కాబట్టి గోడ మొత్తానికి అడగండి.

గడువు రెండేళ్లు. మొదటి టైల్ ఊడిన రోజు నుంచి లెక్కవేసుకోండి. ‘పండగ వెళ్లాక చేస్తా’నని మేస్త్రీ చెప్పే మాటలతో ఆ గడువు ఆగదు.